ఫైల్లో లేని రెండో కేసు

గట్టిగా నిలబడే ఆడపిల్లని మెచ్చుకోవాలంటే మన ఇళ్ళలో వినిపించే మాట "మగరాయుడు". కాస్త వయసు మీరినావిడయితే "మగాడిలా సంసారం నెట్టుకొచ్చింది" అంటారు. మెచ్చుకోవడం ఇష్టం లేకపోతే మాట ఇంకా తేలిగ్గా దొరుకుతుంది, గయ్యాళి. 1962లో వచ్చిన గుండమ్మ కథలో సూర్యకాంతం ఎంత బాగా చేశారంటే, ఆ తర్వాత ఎవరింట్లో ఆడమనిషి గొంతు పెంచినా గుండమ్మే గుర్తొచ్చేది. సవతి కూతురి పట్ల గుండమ్మ చేసింది అన్యాయమే, కాదనను. కానీ భర్త పోయాక ఇంటినీ ఆస్తినీ చేజారకుండా కాపాడుకున్న మనిషి కూడా ఆవిడే. ఆ సంగతి గురించి మాత్రం మనం ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకోలేదు.

ఒకే గుణం మగవాడిలో ఉంటే పౌరుషం. ఆడదానిలో ఉంటే అరువు సొమ్ము, లేకపోతే నోటి దురుసు. క్రైమ్ సిరీస్‌లలో కరుకైన హీరోయిన్లని ఇన్ని దేశాల వాళ్ళు ఇంతగా ఎందుకు అభిమానిస్తున్నారో తెలుసుకోవాలంటే ఇక్కణ్ణించే మొదలుపెట్టాలని నా నమ్మకం. ఆమె చేతిలోని తుపాకీ సంగతి తర్వాత చూద్దాం.

1991 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని ఐటీవీ ఛానెల్లో ప్రైమ్ సస్పెక్ట్ ప్రసారమైంది. రాసింది లిండా లా ప్లాంట్, నటించింది హెలెన్ మిరెన్. లండన్‌లో ఒక అమ్మాయి హత్యకి గురవుతుంది. దర్యాప్తు చేస్తున్న అధికారి ఉన్నట్టుండి గుండెపోటుతో చనిపోతాడు. ఎన్నాళ్ళుగానో హత్యకేసు చేతికి రాక పక్కన కూర్చున్న డిటెక్టివ్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ జేన్ టెనిసన్ ఆ కేసు నాకివ్వండని అడుగుతుంది. ఇంకో దారి లేక ఇస్తారు. ఆమె వెళ్ళేసరికి గదిలో మొహాలన్నీ మాడిపోయి ఉంటాయి. పోయినవాడు వాళ్ళ స్నేహితుడు, వాళ్ళ పెద్ద. అతని కుర్చీ చల్లారకముందే ఈవిడ వచ్చి కూర్చుంది. సార్జెంట్ ఓట్లీ అయితే ఆమె ఎప్పుడు జారిపడుతుందా అని కాచుకుని ఉంటాడు. "మేడమ్" అని పిలిస్తే ఆమె ఊరుకోదు. మగ అధికారిని ఎలా పిలుస్తారో అలాగే పిలవమంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. చనిపోయిన అమ్మాయిని పోలీసులు తప్పుగా గుర్తించారని జేన్ కనిపెడుతుంది. ఆ తప్పు బయటపెడితే పోయిన స్నేహితుడి పరువు పోతుంది. అంటే అసలు నిజం వైపు ఆమె ఒక్కో అడుగు వేసేకొద్దీ ఆ గదిలో ఆమె మీద కక్ష కూడా పెరుగుతుంది. మగ డిటెక్టివ్ కథల్లో ఇలా జరగదు. అక్కడ ఆధారం దొరికితే అందరూ సంతోషిస్తారు, లేదా అసూయపడతారు. ఇక్కడ ఆధారం దొరకడమే ఆమె చేసిన నేరమవుతుంది.

నా దృష్టిలో ఈ కథలన్నిటికీ ఇదే కీలకం. ఆమె రెండు కేసులు మోస్తుంది. ఒకటి ఫైల్లో ఉంటుంది, హతురాలి పేరు, తేదీ, సెక్షన్లతో సహా. రెండోది ఏ ఫైల్లోనూ ఉండదు. ఈవిడ ఈ పనికి తగునా కాదా అన్న కేసు. దానికి సాక్షులు ఉండరు, గడువు ఉండదు, కొట్టివేత కూడా ఉండదు. ఒక హంతకుణ్ణి పట్టుకుంటే మొదటి కేసు మూసేస్తారు. రెండోది మర్నాడు పొద్దున్నే మళ్ళీ తెరుచుకుంటుంది. ప్రైమ్ సస్పెక్ట్, అంటే "ప్రధాన అనుమానితుడు", అన్న ఆ పేరు తెరమీద పడుతున్నప్పుడు నాకు మార్లో అనే నిందితుడి కన్నా ముందు జేనే గుర్తొస్తుంది.

ఇదంతా రచయిత్రి ఊహ అని తీసెయ్యడానికి లేదు. లా ప్లాంట్ ఈ పాత్ర కోసం జాకీ మాల్టన్ అనే నిజమైన డిటెక్టివ్ చీఫ్ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడి, ఆమె అనుభవాల నుంచి చాలా తీసుకుంది. అదే కాలంలో ఇంకో అధికారిణి కథ కోర్టుల్లో నడుస్తోంది. ఆలిసన్ హాల్ఫర్డ్ 1983లో మెర్సీసైడ్ పోలీసు శాఖలో అసిస్టెంట్ చీఫ్ కానిస్టేబుల్ అయింది. బ్రిటన్‌లో ఆ హోదాకి చేరిన మొదటి మహిళ ఆమె. ఆపై పదవికి మళ్ళీ మళ్ళీ దరఖాస్తు పెట్టినా రాలేదు. 1990లో లింగ వివక్ష ఫిర్యాదు వేసింది. ఆ పోరాటం నడుస్తుండగానే ఆమె ఆఫీసు ఫోన్‌ని చాటుగా విన్నారు. 1997లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం అది ఆమె గోప్యత హక్కుకి భంగమేనని తీర్పు చెప్పింది. సొంత శాఖే ఒక ఉన్నతాధికారిణి మాటల్ని దొంగచాటుగా వినడం! సిరీస్‌లో పెడితే "మరీ అతి" అనిపించేది.

ఇక చూసేవాళ్ళ సంగతి. హత్యలు, అపహరణలు ఉన్న కథలంటే మగవాళ్ళకే ఇష్టమని చాలామంది అనుకుంటారు. 2010లో అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు నిజ నేరాల పుస్తకాల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ పుస్తకాల వైపు మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళే ఎక్కువ మొగ్గుతున్నారని తేలింది. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఉంది. బాధితురాలు ఏదో ఉపాయంతో తప్పించుకున్నట్టు ఉన్న పుస్తకాన్ని ఆడవాళ్ళు ప్రత్యేకంగా ఎంచుకున్నారు. భయం తీరడానికి కాకుండా, భయపడాల్సిన రోజొస్తే పనికొచ్చేది నేర్చుకోడానికి చదువుతున్నారేమో అని పరిశోధకుల అంచనా.

నాకైతే ఈ సంగతి మా పిన్ని దగ్గరే తెలిసింది. ఆవిడ రాత్రి పదిన్నరకి వీధి తలుపు గడియ పెట్టి, వంటింటి కిటికీ రెక్క లాగి చూసి, అప్పుడు కూర్చుంటుంది సిరీస్ ముందు. చూస్తున్నంతసేపూ సలహాలిస్తుంది. "ఆటో నంబరు ఎవరికైనా చెప్పాల్సిందే ఈ పిల్ల", "ఆ సందులోకి వెళ్ళకూడదమ్మా". హంతకుడెవరో కనిపెట్టాలన్న తొందర ఆవిడకి ఉండదు. రాత్రిపూట ఇంటికి నడిచొచ్చిన ఏ ఆడమనిషికైనా వీధిలో వెనక అడుగుల చప్పుడు వినడం వచ్చు. కరుకైన హీరోయిన్ తెరమీదకి రాగానే ఆ చెవి మొదటిసారి ఒక హోదాతో, ఒక లాఠీతో, ఒక సంతకం అధికారంతో కనిపిస్తుంది. తనకి తెలిసిన భయం ఎరిగిన మనిషే దర్యాప్తు చేస్తోందన్న భరోసా అది. అంతకుముందు మన డిటెక్టివ్ నవలల్లో యుగంధర్, షాడో లాంటి వాళ్ళు ఎంత తెలివిగలవాళ్ళయినా, ఎంత ధైర్యస్తులయినా, ఆ అడుగుల చప్పుడు వాళ్ళకి వినపడదు.

సినిమాకీ సిరీస్‌కీ మధ్య తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. సినిమాకి రెండున్నర గంటలు. అందులో కరుకుదనం ఒక సంఘటనగా కనిపిస్తుంది, ఒక దెబ్బగానో ఒక డైలాగ్‌గానో. సిరీస్‌కి వారాలు, ఏళ్ళు ఉంటాయి. అందుకే ఆ కరుకుదనం ఆమెనుంచి ఏం పిండుకుంటుందో చూపించే తీరిక దానికి ఉంటుంది. 2007లో డెన్మార్క్‌లో వచ్చిన ఫోర్‌బ్రిడెల్సెన్ చూడండి. తర్వాత ద కిల్లింగ్ అన్న పేరుతో ఇంగ్లీషువాళ్ళకి పరిచయమైంది. మొదటి సీజన్ ఒకే హత్య మీద 20 భాగాలు, భాగానికి ఒక రోజు. సారా లుండ్ కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగం వదిలేసి కొడుకుతో స్వీడన్ వెళ్ళిపోవాల్సిన రోజున ఆ కేసు వస్తుంది. ఈరోజు కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అంటూ ప్రయాణం వాయిదా పడుతూనే ఉంటుంది. కొడుకు దూరమవుతాడు, కట్టుకోవాలనుకున్నవాడు విసిగిపోతాడు. తల్లిగా ఆమెని మెచ్చుకోలేం. మగ డిటెక్టివ్ ఇంటికి వెళ్ళకపోతే అది పనిపట్ల అంకితభావం, ఆమె వెళ్ళకపోతే నిర్లక్ష్యం అని మనకే అనిపిస్తుంది. అలా అనిపించిన క్షణంలో రెండో కేసులో మనం కూడా ఆమెకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినట్టే. మంచి సిరీస్ మనల్ని ఆ బోనుదాకా తీసుకెళ్తుంది.

సారా లుండ్ తొడుక్కున్న ఫారో దీవుల ఊలు స్వెట్టర్ ఎంత పేరు పొందిందంటే, చూసినవాళ్ళు వెతుక్కుని మరీ కొనుక్కున్నారు. ఆ స్వెట్టర్‌ని ఎంచుకున్నది నటి సోఫీ గ్రోబోల్. తనపై తనకి నమ్మకమున్న మనిషి, పని జరిపించుకోడానికి అందాన్ని వాడుకోనక్కరలేని మనిషి అని ఆ బట్ట చెప్తుందని ఆమె ఉద్దేశం. బిగుతు తోలు జాకెట్, ఎత్తు మడమల బూట్లు వేసి "స్ట్రాంగ్ ఉమన్" అని పోస్టర్ వేసేవాళ్ళు ఈ ముతక స్వెట్టర్ దగ్గర కాసేపు ఆగాలి.

నాకు అందరికన్నా దగ్గరైన మనిషి కేథరిన్ కావుడ్. 2014 నుంచి 2023 వరకు మూడు సీజన్లుగా వచ్చిన హ్యాపీ వ్యాలీలో సారా లాంకషైర్ వేసిన పాత్ర. రాసింది శాలీ వెయిన్‌రైట్. కేథరిన్ డిటెక్టివ్ కూడా కాదు, యార్క్‌షైర్‌లో ఒక చిన్న ఊరి స్టేషన్లో యూనిఫాం సార్జెంటు. మన లెక్కలో స్టేషన్ రోజువారీ బాధ్యతంతా మోసే మనిషి. మొదటి దృశ్యంలోనే ఒంటిమీద పెట్రోలు పోసుకుని అంటించుకుంటానని బెదిరిస్తున్న కుర్రాడితో మాట కలుపుతూ తన సంగతి చెప్తుంది. వయసు 47, విడాకులైపోయాయి, హెరాయిన్ మానుకుంటున్న తోబుట్టువుతో కలిసి ఉంటోంది, ఇద్దరు పిల్లల్లో ఒకరు లేరు, ఇంకొకరు మాట్లాడరు, ఒక మనవడున్నాడు. బేరం కుదుర్చుకునే గొంతుతో చెప్తుంది, ఏడుపు గొంతుతో కాదు. మన సినిమాల్లో 47 ఏళ్ళ నటి హీరోకి తల్లిగా హారతి పళ్ళెం పట్టుకుని నిలబడుతుంది. ఇక్కడ అమ్మమ్మ దొంగల వెంట పరిగెడుతుంది, దెబ్బలు తింటుంది, సాయంత్రం మనవడి హోంవర్కు దగ్గర కూర్చుంటుంది. ఆమె కరుకుదనంలో నాకు సగం కనిపించేది అలసట. అలసిపోయి కూడా లేచి వెళ్ళడం.

మనవైపు చూస్తే, ప్రైమ్ సస్పెక్ట్ కన్నా ఏడాది ముందే, 1990లో, కర్తవ్యం వచ్చింది. 1972లో ఐపీఎస్‌లో చేరిన తొలి మహిళ కిరణ్ బేడీ స్ఫూర్తితో తీర్చిన పాత్రలో విజయశాంతి నటించారు. జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకున్నారు. ఆ సినిమా తర్వాత ఖాకీ చొక్కా వేసుకోవాలనుకున్న ఆడపిల్లలు ఎందరో. అంత గెలిచిన నటికి మనం ఇచ్చిన బిరుదు మాత్రం "లేడీ అమితాబ్". మళ్ళీ మగరాయుడే! ఇందులో ఆవిడ తప్పేమీ లేదు, మన దగ్గర ఉన్న కొలబద్ద అదొక్కటే. ఆ కొలబద్దతో తీసిన తర్వాతి సినిమాలు చాలావరకు హీరోకి రాసుకున్న ఫైట్లనే హీరోయిన్ చేత చేయించాయి. చొక్కా మారింది, లోపలి మనిషి మారలేదు.

2019లో వచ్చిన ఢిల్లీ క్రైమ్ సిరీస్ వేరే దారి పట్టింది. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ సామూహిక అత్యాచారం కేసు దర్యాప్తు అది. అప్పట్లో దక్షిణ ఢిల్లీ డీసీపీగా ఉన్న ఛాయా శర్మ ఆధారంగా వర్తికా చతుర్వేది పాత్రని రాశారు. షెఫాలీ షా ఆ పాత్రలో దాదాపు ఎవరినీ కొట్టదు. ఫోన్లు చేస్తుంది, జీపుకి పెట్రోలు లేదంటే విసుక్కుంటుంది, మనుషుల్ని జిల్లాలు దాటించి పంపుతుంది. ఇంట్లో కూతురు ఈ ఊళ్ళో ఉండను, విదేశాలకి వెళ్ళిపోతానంటుంది. ఆ ఊరిని కాపాడే ఉద్యోగం తల్లిది! ఆ పిల్లకి చెప్పడానికి ఆమె దగ్గర సరైన జవాబు ఉండదు. 2020లో ఈ సిరీస్‌కి అంతర్జాతీయ ఎమ్మీ అవార్డు వచ్చింది, ఉత్తమ డ్రామా విభాగంలో భారతదేశానికి అదే మొదటిసారి.

దహాడ్ (2023) రెండో కేసుకి మన దేశం ఇంకో సెక్షన్ ఎలా చేరుస్తుందో చూపించింది. రాజస్థాన్‌లో ఒక చిన్న పట్టణం. సబ్ ఇన్‌స్పెక్టర్ అంజలి భాటి దళిత కుటుంబం నుంచి వచ్చింది. ఇంటిపేరు తండ్రి మార్పించాడు. ఆమె పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా స్టేషన్లో ఒకతను అగరొత్తి వెలిగిస్తాడు. ఎవరూ ఏమీ అనరు, ఆమె కూడా చూసి సాగిపోతుంది. ఆ పొగ పక్కన జేన్ టెనిసన్ గదిలోని మాడు మొహాలు చిన్నవైపోతాయి. సోనాక్షి సిన్హా ఆ దృశ్యాల్లో మొహం కదపకుండా నడిచిన తీరు నాకు ఎన్ని ఫైట్లకన్నా ఎక్కువ. ఆ కథలో వరసగా చనిపోతున్న ఆడవాళ్ళ గురించి చాలాకాలం ఎవరూ పట్టించుకోరు. ఎవడితోనో లేచిపోయిందిలే అని ఇంటివాళ్ళే పరువుకోసం నోరు మూసుకుంటారు. నమ్మకం దక్కని ఆడవాళ్ళ కేసుని నమ్మకం దక్కని అధికారిణి తవ్వుతుంది. అక్కడ రెండు కేసులూ ఒకటైపోతాయి.

అలాగని కరుకు హీరోయిన్ ఉన్నదల్లా గొప్పదని నేననను. స్వీడన్ పాత్రికేయుడు స్టీగ్ లార్సన్ చనిపోయిన తర్వాత 2005లో ఆయన నవల అచ్చయింది. స్వీడిష్‌లో దాని పేరుకి అర్థం "ఆడవాళ్ళని ద్వేషించే మగవాళ్ళు". ఇంగ్లీషుకి వచ్చేసరికి ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ, అంటే "డ్రాగన్ పచ్చబొట్టు పిల్ల" అయింది. మొదటి పేరు నేరస్థుల వైపు వేలు చూపిస్తుంది, రెండోది పిల్ల వీపు చూపిస్తుంది. ఆ పచ్చబొట్టు పిల్ల లిస్బెత్ సలాండర్ అద్భుతమైన పాత్ర, అందులో సందేహం లేదు. తనని కాపాడాల్సిన సంరక్షకుడే తనపై అత్యాచారం చేస్తే, చట్టం దృష్టిలో తెలివి చాలని మనిషిగా ముద్రపడ్డ ఆమె ఎవరికి చెప్పుకోవాలి? ఆ ప్రశ్న నవల గుండెకాయ. బజారు మాత్రం పచ్చబొట్టుని పట్టుకుంది. ఆ తర్వాత "గర్ల్" అన్న మాట ఉన్న థ్రిల్లర్ పేర్లు పుస్తకాల దుకాణాల్లో బారులు తీరాయి.

ఇంకో పాడు అలవాటు కూడా అప్పటినుంచే బలపడింది. హీరోయిన్ గట్టిగా ఉందంటే వెనక ఏదో ఒక అఘాయిత్యం జరిగి ఉండాలి, ఫ్లాష్‌బ్యాక్‌లో అది చూపించాలి. మగ డిటెక్టివ్ ఊరికే మొండివాడు కావచ్చు, పుట్టుకతోనే. ఆమె మొండితనానికి మాత్రం కారణపత్రం జతచేయాలి. ఇది నాకు కోపం తెప్పిస్తుంది. జేన్ టెనిసన్‌కి అలాంటి ఫ్లాష్‌బ్యాక్ లేదు. ఆమెకి పనంటే ఇష్టం, పదవంటే ఆశ. అంతే.

మూడో సంగతి మరింత దగ్గరిది, మనల్నే అడగాల్సింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూలలో ఉన్న దుఃఖం నాకు అర్థమవుతుంది. కానీ సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చిందేమిటంటే, ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిపారని. కరుకు పోలీసు అంటే మనం ఏం కోరుకుంటున్నామో ఆ పూలు చెప్పాయి. ఆఖరి భాగంలో హీరోయిన్ చేత దుర్మార్గుణ్ణి కాల్పించి ముగించే సిరీస్‌లు ఆ పూలకోసమే రాస్తారు. చూస్తున్నప్పుడు కడుపు చల్లబడుతుంది, నిజమే. అయితే అలా కాల్చేసిన రోజున ఆమె మోసిన మొదటి కేసు కోర్టుకి చేరదు. హతురాలి పేరుమీద ఒక్క తీర్పు కూడా మిగలదు.

హ్యాపీ వ్యాలీ ముగింపు ఇక్కడ చెప్పక తప్పదు, చూడనివాళ్ళు మన్నించాలి. కేథరిన్ కూతుర్ని చెరిచి, ఆ పిల్ల ప్రాణం తీసుకోడానికి కారణమైన టామీ లీ రాయిస్ చివరికి కేథరిన్ వంటింట్లోనే కూర్చుని ఉంటాడు. ఇద్దరూ బల్లకి అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకుంటారు. తొమ్మిదేళ్ళుగా మనం ఎదురుచూసిన యుద్ధం మాటలతో జరుగుతుంది. ఆఖరికి వాడు పెట్రోలు పోసుకుని అంటించుకుంటాడు, మొదటి దృశ్యంలో కుర్రాడు బెదిరించినట్టే. కేథరిన్ చూస్తూ నిలబడి ఉండొచ్చు. ఎవరూ తప్పుపట్టరు. ఆమె ఇంట్లో ఉన్న అల్లికల దుప్పటి తీసుకుని మంట ఆర్పుతుంది.

మా పిన్ని ఆ సిరీస్ చూడలేదు, ఇంగ్లీషు యాస అందదంటుంది. ఢిల్లీ క్రైమ్ మాత్రం నాతో కూర్చుని మొత్తం చూసింది. నిందితుల్లో ఒకడు దొరికిన రాత్రి నేను ఉండబట్టలేక "చూశావా పిన్నీ, పట్టేసింది" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "పట్టుకుంది సరే, నిన్నట్నించి ఆ మనిషి ఒక్క ముద్ద తినలేదు, గమనించావా?" అంది. తర్వాత లేచి వంటింటి కిటికీ గడియ ఇంకోసారి చూసొచ్చి కూర్చుని, "ఊఁ, తర్వాతది పెట్టు" అంది.